మా పాలెగాడి సిగ్గు

మా తాత ఆదిమూలం బెల్లం వండుతాడు. పాకాల దారిలో మా ఊరి చుట్టుపక్కల చెరకు వేసిన వాళ్ళందరికీ చెరకురసం కాచే పెనం దగ్గర ఆయన ఉండాల్సిందే. పాకం దించే అదను తెలుసుకోవడానికి మిగతావాళ్ళు చెంబులో నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తారు. మా తాత వాసన చూసి చెప్పేస్తాడు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు, ఆయనే అంటాడు. వాసన కుదరక ముదిరిపోయి రాయిలా తయారైన బెల్లం కూడా మా ఇంట్లో ఉంది. మా అవ్వ పంకజాక్షి దాన్ని పొద్దున్నే రోకలితో కొట్టి కాఫీలో వేస్తుంది. ఆయన లేచి కూర్చున్నాకే కొడుతుంది.

అయినా తాత పరువు బెల్లంలో లేదు, మీసంలో ఉంది. ఎండాకాలం మా ఊరి గంగజాతరకు వీధి నాటకం ఆడతారు. అందులో పాలెగాడి వేషం ఆయనది. అంతకు ముందు వాళ్ళ నాయనది. కథ చిన్నదే. పాలెగాడు ఊళ్ళో ఆడవాళ్ళను బతకనివ్వడు. చివరికి ఒక గొర్రెల కాపరి కూతుర్ని జుట్టు పట్టి వీధి పొడుగునా ఈడుస్తాడు. ఆ పిల్లలోంచి గంగమ్మ లేచి వాడి తల నరుకుతుంది. తల అంటే గుమ్మడికాయ. కాపరి కూతురంటే పాకాలలో సైకిల్ షాపు పెట్టుకున్న వరదయ్య. నరికిన గుమ్మడికాయ మర్నాడు ఊరందరికీ కూర. మా తాత తలను మా తాత కూడా రెండుసార్లు వడ్డించుకుని తింటాడు.

జుట్టు పట్టే చోట ఆడవాళ్ళు ఆయన్ను తిట్టని తిట్టు ఉండదు. వేపమండలు విసురుతారు. ఒక ముసలమ్మ చెప్పు కూడా విసిరింది, ఆ చెప్పు ఎడమకాలిదని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. ఎన్ని తిట్లు పడితే వేషం అంత పండినట్టు. వెనక వరసలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలివాడికి కూడా భయం పుట్టాలంటాడు. అందుకని చెయ్యి ఎత్తితే భుజం నుంచి ఎత్తుతాడు, అరిస్తే పొట్టలోంచి అరుస్తాడు.

కానీ ఆ ఘట్టానికి ముందు ఒక పద్ధతి ఉంది. మద్దెల ఆగిపోతుంది. పాలెగాడు కిరీటం తీసి పక్కన పెట్టి, కాపరి కూతురి ముందు కర్పూరం వెలిగించి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. తల్లీ, ఇది ఆట, నా చెయ్యి నీ మీద పడతాది, పడొచ్చునా అని అడుగుతాడు. పడనీ అని ఆమె అనాలి. అనేదాకా ముట్టుకోకూడదు. ఒక ఏడాది వరదయ్యకు తాత మీద ఏదో కోపం వచ్చి ఆ మాట అనకుండా నిలబడ్డాడట. మద్దెల ఆయన వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చేదాకా తాత కర్పూరం మీద కర్పూరం వెలిగిస్తూ కూర్చున్నాడట. ఆ రోజు తాత మొహం చూడాల్సింది అని అవ్వ ఇప్పటికీ నవ్వుతుంది.

భానుచందర్ మా ఊరివాడే. తిరుపతిలో ఉంటూ పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. ముహూర్తాలు లేని నెలల్లో షార్ట్ ఫిల్ములు తీస్తాడు. పోయిన పుష్యమాసంలో అలాగే ఒకటి మొదలుపెట్టాడు. చెరకు కొట్టే కూలీల కథ. ఒక మేస్త్రీ కూలీ ఆడవాళ్ళను హింస పెడుతుంటాడు, ఒకామె ఎదురు తిరుగుతుంది, వాడు ఆమెను జుట్టు పట్టి పెనం దాకా ఈడుస్తాడు, అది చూసి కూలీలందరూ లేస్తారు. ఆడవాళ్ళ మీద చెయ్యెత్తొద్దని చెప్పడానికే తీస్తున్నానని అందరికీ చెప్పాడు. మేస్త్రీ వేషానికి మా తాత కావాలన్నాడు. తాత ఆలోచించి చెబుతానని, వాడు గేటు దాటకముందే వెనక్కి పిలిచి సరేనన్నాడు.

కూలీ వేషం మోహనది. తిరుచానూరులో ఒక లాడ్జిలో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. వాళ్ళమ్మ అమ్మవారి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. మోహన అంతకు ముందు కూడా భానుచందర్ తీసిన వాటిలో చేసింది, అయితే అవన్నీ కాలేజీ ప్రేమలు, గొడుగు కింద నవ్వులు.

షూటింగ్ రోజు నేను ఊళ్ళో లేను. జరిగింది తరవాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మేస్త్రీ చెయ్యి ఎత్తుతాడు, అంతే, కెమెరా పొయ్యి మీదికి తిరుగుతుంది, కింద పడేది వేరేగా తీసుకుందాం అని మోహనకు చెప్పారు. జుట్టు పట్టి చెరకు పిప్పి మీదుగా పెనం దాకా ఈడువు, మేము చెప్పేదాకా ఆపొద్దు అని తాతకు చెప్పారు. తాత పంచె మడతలో కర్పూరం పెట్టుకుని వెళ్ళాడు. ఇది దేవుడి సీను కాదు తాతా అని భానుచందర్ నవ్వాడు. సరే, ఆ పాపకు అంతా చెప్పారు కదా అని తాత అడిగాడు. చెప్పినాం తాతా, నువ్వు కానీ అన్నాడు వాడు. తాత ఆమె వైపు చూశాడు. ఆమె అద్దంలో బొట్టు సరిచేసుకుంటోంది. ఆమెను అడగలేదు.

ఆ ఫిల్ము పేరు చెప్పడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు. యూట్యూబ్‌లో పెట్టిన వారానికే మా ఊళ్ళో ప్రతి ఫోనులోనూ అదే. టీ కొట్టు దగ్గర తాతను మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టారు. బస్సులో ఎవరో అమ్మాయి ఆయన పక్కన కూర్చోనంటూ లేచి నిలబడిందట. ఇంటికొచ్చి ఆ సంగతి అవ్వకు చెబుతూ మీసం దువ్వుకున్నాడు. జాతర తిట్లయితే ఊరి పొలిమేర దాకానే, ఇవి తిరుపతి దాకా పోతున్నాయి కదా. ఇంటికి ఎవరొచ్చినా నా ఫోను అడిగేవాడు. ముందంతా తిప్పేసి జుట్టు పట్టే చోటు పెట్టమనేవాడు. పెట్టి పెట్టి నాకు విసుగొచ్చింది. అందుకని ఒక మధ్యాహ్నం ఆయన్ను ఏడిపిద్దామనుకున్నాను.

"తాతా, ఆమె నిన్ను మేస్త్రీ అనాల గదా. తాతా అంటా ఉండాదే? మీసానికి రంగు సరిగా పట్టలేదని తెలిసిపోయినట్లుంది."

తాత నవ్వుతున్నాడు. నవ్వు మూతి మీద అలాగే ఉంది, కళ్ళలోంచి పోయింది.

"మరిసిపోయినట్లుండాది," అన్నాడు. కాసేపయ్యాక, "మళ్ళీ పెట్టు," అన్నాడు.

పెట్టాను. అంతకు ముందు ఎన్నిసార్లు చూశానో, ఆ మాట వినడం మాత్రం అదే మొదటిసారి అనిపించింది. తాతా వద్దు, వద్దు తాతా అంటోంది. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని విడిపించుకోవాలని చూస్తోంది. నాటకంలో అలా చెయ్యరు. నాటకంలో చేతులు ఆకాశానికి ఎత్తుతారు. వెనక ఎవరో ఈల వేశారు, అది కూడా రికార్డయింది. తాత నా చేతిలోంచి ఫోను తీసుకుని బోర్లా పెట్టాడు.

సాయంత్రం భానుచందర్‌కు ఫోను చేయించాడు. ఆ పాపకు చెప్పావా లేదా అని అడిగాడు. వాడు దాచలేదు. దాచాల్సిన సంగతని వాడికి తోచలేదు. చెబితే అంత బాగా రాదు తాతా, నిజంగా భయపడింది కాబట్టే చూసినవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తోంది అన్నాడు. షూటింగ్ అయ్యాక మోహన మొహం కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి వెళ్ళిపోయిందని, అదంతా మామూలేనని అన్నాడు.

తాత ఫోను పెట్టేసి భానుచందర్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. అబద్ధం చెప్పి తన చేత పాపం చేయించాడన్నాడు. వాడి నాయన మంచివాడన్నాడు, వాళ్ళ తాత ఇంకా మంచివాడన్నాడు. తిట్టేకొద్దీ ఆయనకు హాయిగా ఉన్నట్టు కనబడింది. అవ్వ చేటలో బియ్యం చెరుగుతూ అంతా విని, చేట కింద పెట్టింది.

"అది సరే. నీకు ఇనపడలేదా?"

"పెనం ఉడుకుతా ఉండింది. ఆ సప్పుడులో..."

"జాతరలో మద్దెల నెత్తి మీద మోగతా ఉంటే, పిన్ను గుచ్చుకుంటా ఉండాది మెల్లిగా ఈడువప్పా అని వరదయ్య గొణిగింది ఇనపడతాది నీకి. సెయ్యి వొదులు సేస్తావు. నేను సూడలేదనుకున్నావా?"

ఆ సంగతి నిజమే. వరదయ్య పెట్టుకునే సవరానికి పిన్నులుంటాయి. అంత గోలలో ఆయన గొంతు పక్కనున్న వాళ్ళకు కూడా వినబడదు, తాతకు మాత్రం వినబడుతుంది. తాత లేచి పశువుల దగ్గరికి వెళ్ళి మేత వేసి, మళ్ళీ వచ్చి గడప మీద కూర్చున్నాడు. వేసిన మేతే మళ్ళీ వేశానని కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది.

"ఇనపడింది," అన్నాడు. "సుట్టూ కూలోళ్ళు సూస్తా ఉండారు. ఒకడు ఈల ఏసినాడు. ఆడ ఆపితే ఏషం సెడిపోతాదనుకున్నా."

అవ్వ మళ్ళీ చేట అందుకుంది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. ఆయన ఆకలికి ఓర్చుకోవడం నేను చూడలేదు అంతకు ముందు.

రెండు రోజులు పోయాక నన్ను తోడు తీసుకుని తిరుచానూరు బయల్దేరాడు. ఎందుకని అడిగితే పొమ్మన్నాడు. బస్సులో కండక్టరు గుర్తుపట్టి మేస్త్రీ గారికి కిటికీ పక్కన సీటు ఇప్పించబోతే, తాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించాడు. అంత చెడ్డగా నటించడం కూడా నేను చూడలేదు.

లాడ్జి కౌంటర్ ముందు గుండ్లు చేయించుకున్న యాత్రికులు, సంచులు, పిల్లలు. మోహన గది తాళాలు ఇస్తోంది. తాతను చూసి ఆమె చెయ్యి ఆగింది. తాత వరసలో నిలబడలేదు. సంచులు దాటుకుంటూ ముందుకెళ్ళి, పంచె మడతలోంచి కర్పూరం తీసి, నున్నటి రాతి నేల మీద పెట్టి వెలిగించాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు ఎందుకొచ్చామో. తాతకు తెలిసిన క్షమాపణ అదొక్కటే. దాన్ని ఎవరి ముందు, ఎప్పుడు చేయాలో ఆయనకు ఊరు నేర్పింది కానీ, లాడ్జిలో ఎవరూ నేర్పలేదు.

తల్లీ, నా చెయ్యి నీ మీద పడింది అని మొదలుపెట్టాడు. గొంతు తగ్గించాననుకున్నాడు. ఆ గొంతు మెట్ల మీది వాళ్ళకు కూడా వినబడింది. గుండు చేయించుకున్న ఒకాయన గంధం ఆరని తలతో ముందుకు వంగి చూసి, ఈయన ఆ వీడియోలో మేస్త్రీ, ఈమే ఆ అమ్మాయి అని భార్యకు చూపించాడు. ఫోనులు లేచాయి. ఏదో కొత్త సీను తీస్తున్నారనుకున్నారు. ఒకావిడ పక్కకు జరిగి పిల్లవాడికి బాగా కనబడేలా ఎత్తుకుంది.

మోహన కౌంటర్ వెనక నుంచి వచ్చి, నీళ్ళు తాగే స్టీలు గ్లాసును కర్పూరం మీద బోర్లించింది. అయ్యింది పోండి, ఏమీ లేదు అని యాత్రికులతో నవ్వుతూ అంది. ఆ నవ్వు చూస్తే నాకు నేల చీలితే బాగుండుననిపించింది. తాళాలు ఇంకొకరికి అప్పజెప్పి మమ్మల్ని వెనక వైపు, దుప్పట్లు ఆరేసే చోటికి తీసుకెళ్ళింది.

తాత అక్కడ మళ్ళీ వంగబోతే వద్దంది.

"అడగాల్సింది ముందర తాతా. అయిపోయినాక అడిగితే నేనేమనాల?"

"భాను సెప్పినానన్నాడు పాపా..."

"ఆయన సంగతి వేరే. నేను వద్దన్నాను గదా. నీతోనే గదా అనింది."

తాత ఆరేసిన దుప్పటి అంచు చూస్తూ నిలబడ్డాడు. పెనం ఉడుకుతోందని ఇప్పుడు కూడా అంటాడేమోనని నేను భయపడ్డాను.

"ఇనపడింది పాపా. ఇనపడినా ఈడ్చినాను."

మోహన ఆయన మొహం వైపు మొదటిసారి నేరుగా చూసింది. వినపడలేదనే చెబుతావనుకున్నాను అంది.

తరవాత ఆమె మాట్లాడింది. కోపంగా కాదు, గదుల సంగతి చెప్పినట్టు చెప్పింది. అందరూ బాగా చేశావంటున్నారట. లాడ్జికి వచ్చేవాళ్ళు ఆ ఏడుపు ఒకసారి ఏడవమ్మా అని అడుగుతున్నారట. మొన్న ఎవరో పెళ్ళివాళ్ళు తాళం తీసుకుంటూ ఫోటో దిగాలన్నారట, అదీ జుట్టు పట్టుకున్నట్టు. వాళ్ళమ్మ పూలు కొనేవాళ్ళందరికీ ఆ వీడియో చూపించి, నా కూతురు ఎంత బాగా చేసిందో చూడండని చెబుతోందట.

"నేను చేసింటే గదా తాతా, మళ్ళీ చేసేకి. నేనేమీ చెయ్యలేదు ఆడ. అది నిజమని చెప్తే మా అమ్మ పూల కొట్టు కాడ కూర్చోలేకపోతాది. చెప్పకపోతే దినామూ ఆ పొగడ్త వినాల."

ఏం చేయమంటావమ్మా అని తాత అడిగాడు.

"దాన్ని తీసేయించు. కాళ్ళు గీళ్ళు పట్టుకోవద్దు. తీసేయించు, అంతే."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. తాత నిలబడే వచ్చాడు. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

భానుచందర్ ఒప్పుకోలేదు. మా ఇంటికే వచ్చి, అవ్వ ఇచ్చిన కాఫీ తాగుతూ, ఎంతో ఓపిగ్గా తాతకు నచ్చజెప్పాడు. వాడు చెడ్డవాడు కాదు, అదే కష్టం. చూసినవాళ్ళకు కడుపులో తిప్పాలి తాతా, తిప్పితేనే రేపు ఇంట్లో పెళ్ళాం మీద చెయ్యెత్తకుండా ఉంటారు, మెత్తగా తీస్తే ఎవరికి తగులుతుంది అన్నాడు. ఆ మాట నాకు నిజమే అనిపించింది. తాతకు కూడా అనిపించిందేమో, కాసేపు మీసం కొస నములుతూ కూర్చున్నాడు.

"కడుపులో తిప్పినోడు ఈల ఎందుకేస్తాడబ్బా?" అన్నాడు.

భానుచందర్ మాట మార్చాడు. ఆదివారం తిరుపతిలో షార్ట్ ఫిల్ముల పోటీ ఉందని, మనది చివరి దాకా వచ్చిందని, ఉత్తమ విలన్‌గా తాతకు శాలువా కప్పుతారని చెప్పాడు. అది కానీ తాతా, తరవాత చూద్దాం అని గ్లాసు కడిగి పెట్టి మరీ వెళ్ళాడు.

శాలువా అన్న మాట ఇంట్లో ఉండిపోయింది. తాతకు జాతరలో ఏటా ఒక తువ్వాలు కప్పుతారు, అది ఎండాకాలం అయ్యేలోపు ఒళ్ళు తుడుచుకునే గుడ్డ అయిపోతుంది. శాలువా ఆయన జన్మలో లేదు. తిరుపతిలో, మైకులో, తన పేరు. నేను కావాలనే ఏ రంగు శాలువా ఇస్తారో అన్నాను. ఆ ఆలోచన ఆయనకూ వచ్చిందని మొహం చూస్తే తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకు కూడా తెలిసి, తల దించుకున్నాడు. అవ్వ రోకలితో బెల్లం కొట్టింది.

శుక్రవారం పొద్దున నన్ను పిలిచి మోహనకు ఫోను కలపమన్నాడు. కలిపి ఇచ్చాను. ఇంత పెద్ద గొంతున్న మనిషి ఫోనులో గుసగుసలాడినట్టు మాట్లాడాడు. భానుచందర్ తీయనంటున్నాడని, ఆదివారం తనను స్టేజీ ఎక్కిస్తున్నారని, అక్కడ జరిగింది చెప్పాలనుకుంటున్నానని అన్నాడు.

"సెప్పొచ్చునా? సెప్పొద్దంటే శాలువా కూడా వొద్దు, పోనే పోను. సెప్పమంటే ఏది సెప్పాల, ఏది సెప్పకూడదో నువ్వే సెప్పు పాపా."

అవతల లాడ్జి గంట మోగడం, ఎవరో వేడినీళ్ళు అడగడం వినబడ్డాయి. తాత కదలకుండా నిలబడ్డాడు.

"నా పేరొద్దు," అంది మోహన. "ఏడ్చినానని చెప్పొద్దు. వద్దన్నానని చెప్పు. మిగిలింది నువ్వు చేసింది చెప్పు."

ఆదివారం తాత మీసానికి రంగు వేసుకోలేదు. తెల్ల మీసంతో ఆయన్ను చూసి నేను నవ్వబోయి మానేశాను. హాలు గుమ్మం దగ్గరే భానుచందర్‌ను పక్కకు పిలిచి, పైన నేను మాట్లాడబోతున్నాను, నీకు బాగుండదు, ముందుగా చెబుతున్నాను అన్నాడు. వాడు నలుగురు స్నేహితుల మధ్య ఉన్నాడు, వినీ విననట్టు, నీ ఇష్టం తాతా, కావాలంటే ఒక డైలాగు కూడా చెప్పు అని భుజం తట్టాడు.

ఫిల్ము వేశారు. పెద్ద తెర మీద తాత చెయ్యి మనిషంత ఉంది. ఆ చోటు రాగానే తాత కళ్ళు మూసుకుంటాడనుకున్నాను. మూసుకోలేదు. ఎవరో ఈల వేశారు, ఇంకెవరో ఉష్‌మన్నారు. అయిపోయాక చప్పట్లు చాలాసేపు కొట్టారు. తాత పేరు పిలిచారు. ఎర్ర అంచు శాలువా కప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, మైకు అడిగాడు. ఊరి వీధిలో మైకు లేకుండా చివరి ఇంటిదాకా వినిపించే మనిషి. మైకు పట్టుకుని మొదటి మాట అంటే ఎవరికీ వినబడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"నా పేరు ఆదిమూలం. బెల్లం వండుతాను. ఇప్పుడు మీరు సూసిన దాంట్లో నేను ఒక ఆడబిడ్డ జుట్టు పట్టినాను. పట్టే ముందర ఆ బిడ్డను అడగలేదు. ఆ బిడ్డ వద్దనింది. అది ఆటలో మాట కాదని నాకు తెలిసింది. తెలిసీ ఈడ్చినాను. సుట్టూ మనుషులు సూస్తా ఉండారని ఈడ్చినాను."

హాలంతా చప్పట్లు కొట్టింది.

అంతకంటే ఘోరమైన చప్పుడు నేను వినలేదు. డైలాగనుకున్నారు. ముందు వరసలో ఒకాయన పక్కాయన చెవిలో, ఏం నటుడయ్యా అన్నాడు. తాత మైకు దించి, చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాడు. అవి ఆగడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే ఆయన నిలబడడం కూడా వాళ్ళకు నటనలాగే ఉంది. మెల్లగా, ముందు ఆడవాళ్ళ వైపు ఆగాయి. తరవాత వెనక వరసల్లో.

"ఇది ఏషం కాదబ్బా," అన్నాడు తాత. "ఇందాక మీరు ఏసిన ఈల లాంటిదే ఆ పొద్దు కూడా ఇనపడింది నాకి. ఆ ఈల కోసరమే నేను ఆగలేదు. ఈ శాలువా నేను కప్పుకోలేను."

శాలువాను మడతల మీద మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. మెట్లు దిగుతూ ఒక మెట్టు తప్పాడు, నేను పట్టుకున్నాను.

బయట వరండాలో భానుచందర్ మా ముందుకొచ్చాడు. ఎర్రబడిపోయి ఉన్నాడు. ఊరివాడివని వేషమిస్తే నలుగురిలో నా మొహాన కొట్టినావు తాతా అన్నాడు.

"నీతో ముందర సెప్పి కొట్టినాను గదరా," అన్నాడు తాత. దెప్పడానికి అన్నట్టు లేదు. దిగులుగా అన్నాడు. వాడు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఫిల్మును ఆ సాయంత్రమే తీసేశాడు. మంచితనంతో తీశాడని నేను చెప్పలేను. పోటీ పెట్టినవాళ్ళు పిలిచి అడిగారట, స్నేహితులు కొందరు వాడితో మాట్లాడడం మానేశారట. తరవాత ఆ ముక్క లేకుండా, చెయ్యి లేవగానే పొయ్యి మంట చూపించి మళ్ళీ పెట్టాడు. షూటింగ్ రోజు మోహన ఒప్పుకున్నది అంతవరకే. దాన్ని ఎక్కువ మంది చూడలేదు. తీసేసిన ముక్క మాత్రం ఎవరి ఫోనుల్లోనో ఇంకా ఉంది, అప్పుడప్పుడూ ఎక్కడినుంచో బయటికొస్తుంది. టీ కొట్టు దగ్గర ఎవరైనా పెడితే తాత గ్లాసు అక్కడే దించి లేచి వచ్చేస్తాడు. తిట్టడు, లాక్కోడు. జాతర ఇంకా దూరం ఉంది. వేషం సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

హాలులో ఆయన మాట్లాడినప్పుడు ఎవరో వీడియో తీశారు. అది మోహన దాకా వెళ్ళింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నాకు ఫోను చేసింది. తాతను పిలవనా అంటే వద్దంది. చెప్పమన్నదే చెప్పాడు, వద్దన్నది చెప్పలేదు, అది చూశానని చెప్పమంది. ఇంక ఈ సంగతి ఎక్కడా ఎత్తొద్దని, లాడ్జికి రావొద్దని కూడా చెప్పమంది. బాగున్నారా అని కూడా అడగకుండా పెట్టేసింది.

తాత పెనం దగ్గర ఉన్నాడు. పాకం పొంగుతోంది, పొయ్యిలోకి పిప్పి తోస్తున్నాడు. నేను వెళ్ళి ఒక్కొక్క మాటా చెప్పాను. విన్నాడు.

"ఇంకేమీ అనలేదా?"

అనలేదన్నాను. పాపం అనిపించి, ఏదో ఒకటి కలిపి చెబుదామా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. తాత పొయ్యిలోకే చూస్తూ తలాడించాడు.

"అనకపోవడమే మేలు," అన్నాడు. "అనింటే నాకు తేలికయిపోయేది."